పెద్దమ్మ బిగించిన కారు

పోయిన నెల గుత్తి నుంచి ఫోను వచ్చింది. మా పెద్దమ్మ నిద్రలోనే పోయిందని పక్కింటావిడ చెప్పింది. పాలవాడు ఎంత పిలిచినా పలకకపోతే అనుమానం వచ్చి, ఆ పక్కింటావిడను తీసుకుని లోపలికి వెళ్లాడట. పెద్దమ్మకు పిల్లలు లేరు. పెద్దనాయన పోయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది.

పెద్దనాయనకు ఒక పాత కారు ఉండేది. అంబాసిడర్లు రాకముందటి చిన్న నల్ల కారు. రిటైరయ్యాక దాన్ని మళ్లీ కొత్తదానిలా చేస్తానని ఏ ముక్కకా ముక్క విప్పేశాడు. బాడీని రంగు వేయించడానికి పంపి, మిగతాదంతా ఇంట్లో పరిచాడు. బాడీ తిరిగి రాకముందే గుండెపోటుతో పోయాడు. అది తొంభైల చివర. వేరుశనగ చేలు వరసగా ఎండిపోతున్న కాలం.

కర్మ అయ్యాక బంధువులందరూ ఆ ఇనుమును పాత సామాన్లవాడికి వేయమన్నారు. నడింట్లో ఇంజను, పడకగదిలో గోడకానించిన తలుపులు, వంటింట్లో ఊరగాయ జాడీల పక్కన బోల్టుల డబ్బాలు. పెద్దమ్మ అందరూ చెప్పేది విన్నది గానీ ఔననలేదు. వాళ్లు వెళ్లిపోయాక నాతో అంది: "మీ పెద్దనాయన విప్పినాడు. బిగించేవాళ్లు ఉండాల గదా. నేనే బిగిస్తా."

అంతకుముందు ఆమె ఆ కారు బానెట్ అయినా ఎత్తి ఎరగదు. బస్టాండు దగ్గర షెడ్డున్న మెకానిక్ పెద్దనాయనకు స్నేహితుడు. ఆయన ఆదివారాలు వచ్చి చూపించేవాడు. మిగతా రోజుల్లో పెద్దమ్మ అరుగు మీద కూర్చుని, పాత పళ్ల బ్రష్షుతో ఒక్కొక్క బోల్టునూ కిరసనాయిలులో కడిగేది. నేను అనంతపురంలో ఉద్యోగం చేసుకుంటూ వీలైనప్పుడల్లా రైలెక్కి వెళ్లేదాన్ని. నేను తొందరపడి పానా అందుకుంటే చేయి పట్టుకుని ఆపేది. "మొదట వేళ్లతో తిప్పు. వేళ్లకు తిరగలేదంటే యాడో వంకరుండాది."

రంగు వేసిన బాడీ తిరిగి వచ్చాక, కారు ముందు అద్దం బిగించిన రోజు నాకు బాగా గుర్తు. అద్దం చుట్టూ రబ్బరు తొడిగి, దాని గాడిలో దారం పెట్టి, సబ్బునీళ్లు రాశాం. నేను బయట నిలబడి అద్దాన్ని నొక్కి పట్టుకోవాలి. ఆమె లోపల కూర్చుని దారం కొద్దికొద్దిగా లాగితే రబ్బరు అంచు రేకు మీదికి ఎక్కుతుంది. చాలాసార్లు జారిపోయి, చివరికి సరిగ్గా కూర్చుంది. అప్పుడు లోపలి నుంచి ఆమె ఏదో అంది. నాకు వినిపించలేదు. ఏమన్నావని తలుపు తీసి అడిగితే, "నీతో కాదులేమ్మా" అని దారం చుట్టుకుంటూ దిగింది.

కొన్నేళ్లకు, ఒక ఉదయం కారు స్టార్టయింది. వీధివాళ్లంతా వచ్చి చూశారు. మెకానిక్ స్టీరింగ్ ముందు కూర్చుని, "యాడికి పోదామక్కా?" అన్నాడు. పెద్దమ్మ వీధి అటు చివరా ఇటు చివరా చూసింది.

"యాడికని చెప్పేదప్పా... నువ్వే ఊరికే అట్ల తిప్పు."

గుత్తి కోట కింద దాకా వెళ్లి తిరిగి వచ్చాం.

ఆ తర్వాత మెకానిక్ రావడం తగ్గింది. రావాల్సిన పనీ లేదు. గదులన్నీ ఖాళీ అయ్యాయి. "నడింట్లో నడుస్తాంటే కాలికేమీ తగలడం లేదే" అంది ఒకసారి, ఫిర్యాదులా. కొన్నాళ్లకు వెళ్లేసరికి కారుకు ఒక తలుపు లేదు. అరుగు మీద చాప పరిచి దాన్ని పడుకోబెట్టి, ముక్కలన్నీ విడదీసి పెట్టుకుంది. లోపల ఏదో చప్పుడొస్తాందని చెప్పింది. నాకెప్పుడూ ఆ చప్పుడు వినపడలేదు. ఆ మాట అనకుండా కొంగు దోపుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆ పూట ఆమె అన్నం కడుపు నిండా తిన్నది.

అప్పటి నుంచి ఆ కారులో ఎప్పుడూ ఏదో ఒకటి విప్పి ఉండేది. ఎందుకని మేమెవరమూ అడగలేదు. ఆదివారాలు మెకానిక్ కూడా మళ్లీ రాసాగాడు.

మొన్న పెద్దమ్మ కర్మ అయ్యాక నేనూ మెకానికూ కారు ఉంచే కొట్టంలోకి వెళ్లి చూశాం. ఈసారి కారు పూర్తిగా బిగించి ఉంది. మెకానిక్ చుట్టూ తిరిగి చూసి, ఇంజను స్టార్ట్ చేసి దిగి వచ్చాడు. ఇద్దరం గుమ్మంలో నిలబడ్డాం. కారులో ఎవరూ లేరు. ఇంజను అదురుకు ఖాళీ సీట్లు సన్నగా వణుకుతున్నాయి.