సలాం గారి లాగ్‌బుక్కులో ఏడూ పన్నెండు

మీరు ఏలూరు వైపు ఎప్పుడొచ్చినా సరే, అబ్దుల్ సలాం గారిని కలిసి తీరాల్సిందే. పవర్‌పేటలో మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు బాగుచేసే షాపు ఆయనది. షాపు మీద డాబా, డాబా మీద రేకుల గది, ఆ గదిలో ఆయన హామ్ రేడియో. ప్రభుత్వ పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, టవర్లతోనూ ఇంటర్నెట్‌తోనూ పనిలేకుండా సొంత సెట్టు మీద మాట్లాడుకునేవాళ్లని హామ్‌లంటారు. నేను ఆ పరీక్షకి చదువుతూ ఆయన దగ్గర చేరాను.

మొదటి రోజే యాంటెన్నా కట్టించారు. రెండు ఇనప పైపుల మధ్య ఇరవై మీటర్ల రాగి తీగ, దాని నడుమ నుంచి గదిలోకి కేబులు. తీగ పొడవు సరిగ్గా కుదిరేదాకా చివర కాస్త కత్తిరించడం, మీటరు చూడడం, మళ్లీ కత్తిరించడం. మధ్యాహ్నమంతా ఇదే పని.

"కొంచెం కొంచెం కోయండి. ఎక్కువ పోతే మళ్లీ మొదటికొస్తాం" అన్నారాయన. వయసులో నేను ఆయన మనవరాలంత. అయినా నన్నూ 'అండీ' అనే అంటారు.

ఆయన భార్య జులేఖా గారు టీ పట్టుకొచ్చి పైకి చూశారు. "చూశావా అమ్మాయ్, నా చీరలు ఆరేసుకోడానికి తాడు కట్టమంటే ఏడాది పట్టింది. ఈయన కబుర్లకి మాత్రం రాగి తీగ!"

రోజూ ఉదయం ఆరున్నరకి చుట్టుపక్కల హామ్‌లందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీదికొస్తారు. దాన్ని నెట్ అంటారు. ఒకరు నడుపుతారు, ఆయన పిలిస్తేనే మిగతావాళ్లు మాట్లాడాలి, ఆగమంటే ఆగాలి. ప్రాణం మీదికొస్తే మాత్రం "బ్రేక్, ఎమర్జెన్సీ" అంటూ ఎవరి మాటలోకైనా దూరిపోవచ్చు. పన్నెండేళ్లుగా మా నెట్ నడిపింది సలాం గారే. ఎవరు ఎన్నింటికి పిలిచారో, ఏమన్నారో అంతా లాగ్‌బుక్కులో రాస్తారు.

అందరికంటే ముందు పలికేది జీవరత్నం మాస్టారు. మండవల్లి అవతల ఒక లంక గ్రామంలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఈ ఇద్దరూ పన్నెండేళ్లలో ఎదురుపడింది రెండుసార్లే. కానీ మాస్టారు ఏ పూట ఏ కూర తిన్నారో జులేఖా గారిక్కూడా తెలుసు.

కిందటి సెప్టెంబరులో కొల్లేరు పొంగింది. లంకలకి కరెంటు లేదు, ఫోన్లు లేవు. మాస్టారి భార్య యేసమ్మ గారు తాడేపల్లిగూడెంలో కూతురు మెర్సీ దగ్గరికి వెళ్లి, రోడ్డు మునగడంతో అక్కడే ఆగిపోయారు. ఊరివాళ్లంతా బడి మేడ మీదికి చేరితే, మాస్టారు మాత్రం తన డాబా మీది గదిలో, సెట్టు దగ్గరే ఉండిపోయారు. ఊరి కబురు బయటికి తెలియాలంటే అదొక్కటే దారి.

మూడో రోజు ఉదయం కైకలూరు వరద శిబిరం నుంచి మా నెట్‌లోని ఇంకో హామ్ ఆనంద్ పాల్ గారు అక్కడికి చేరినవాళ్ల పేర్లు చదువుతున్నారు. సలాం గారు ఒక్కో పేరూ తిరిగి చెబుతుంటే నేను రాస్తున్నాను. కింద షాపు ముందు ఆ పేర్ల కోసం జనం నిలబడి ఉన్నారు. రెండు పేర్ల మధ్య చిన్న ఖాళీలో మాస్టారి గొంతు వినబడింది.

"గుడ్ మార్నింగ్ సలాం గారూ. నాదొక చిన్న మెసేజ్ అండీ. తొందరేం లేదు."

"మాస్టారూ, స్టాండ్‌బై ప్లీజ్. లిస్టు అవగానే పిలుస్తాను."

"అలాగేనండీ."

సలాం గారు టైము చూసి లాగ్‌లో రాశారు. ఏడూ పన్నెండు. స్టాండ్‌బై.

గొంతు కాస్త నీరసంగా ఉందని నాకూ అనిపించింది. బ్యాటరీ తగ్గిందనుకున్నాను.

లిస్టు ఏడూ నలభైకి అయింది. మాస్టారిని పిలిచారు. జవాబు లేదు. మళ్లీ పిలిచారు. ఏడుసార్లు పిలిచాక ఆనంద్ పాల్ గారిని పడవ పంపమన్నారు. పడవ చేరేసరికి మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. గుండెపోటన్నారు డాక్టరు. ఊరివాళ్లు మెర్సీకి, "బాధేం పడలేదమ్మా, తెల్లవారుజామున నిద్రలోనే పోయారు" అని చెప్పారు. ఆ ఉదయం ఆయన పిలిచిన సంగతి వాళ్లకి తెలియదు. నెట్‌లో విన్నవాళ్లెవరూ ఎక్కడా నోరు విప్పలేదు.

జ్ఞాపకార్థ కూడిక అయిన మర్నాడు మెర్సీ ఏలూరు వచ్చింది. ఒళ్లో దుప్పటి చుట్టిన పెట్టె. మాస్టారి సెట్టు.

"ఇది మీ దగ్గరే ఉండాలని అమ్మ అంది అంకుల్. నిద్రలో పోయారు కాబట్టి ఏదో తట్టుకుంటున్నాం. చివరిసారి మీతో ఎప్పుడు మాట్లాడారండీ?"

'ముందురోజు సాయంత్రం' అంటే సరిపోయేది. అది కూడా నిజమే. ఆ సాయంత్రం ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. జులేఖా గారు అక్కడే నిలబడి ఆయన వైపే చూస్తున్నారు.

సలాం గారు లాగ్‌బుక్కు తెరిచి మెర్సీ ముందు పెట్టారు. "పొద్దున్న పిలిచారమ్మా. నేనే ఆగమన్నాను."

ఆ అమ్మాయి ఆ లైను మీద వేలు పెట్టి చదివింది. "ఏమన్నారండీ నాన్న?"

"తొందరేం లేదన్నారు."

"అలాగే అంటారు. ఆసుపత్రిలో కూడా అందర్నీ ముందుకి పంపేసి ఆఖర్ని కూర్చునేవారు." లేచి చెప్పులేసుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "మీరు చెప్పకుండా ఉంటే బాగుండేదండీ. ఇప్పుడు అమ్మకి నేనేం చెప్పాలి?"

ఆమె వెళ్లిపోయాక జులేఖా గారు నెమ్మదిగానే అన్నారు. "ఏం సాధించారండీ? ఆ పిల్ల నిద్ర పోగొట్టారు."

"అబద్ధం చెప్పేసి నేను పడుకోగలనా?"

"అంటే మీ నిద్ర కోసమా చెప్పింది?"

ఆయన లాగ్‌బుక్కు మూసి పక్కన పెట్టేశారు. ఆ మర్నాటి నుంచి నెట్ ఆనంద్ పాల్ గారే నడుపుతున్నారు. సలాం గారు వింటారు, పేరు పిలిస్తే హాజరు పలుకుతారు, అంతే. మెర్సీ మళ్లీ ఫోను చేయలేదు. యేసమ్మ గారికి తెలిసిందో లేదో మాకు తెలియదు.

ఆ రోజు నేనూ ఆ గదిలోనే ఉన్నాను. చెప్పడం న్యాయమో, దాచడం న్యాయమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ పుస్తకం మీ చేతిలో ఉండి, మెర్సీ మీ ఎదురుగా కూర్చుని అడిగితే, మీరైతే ఏం చేసేవారు?