ఏడింటికి మారిన తారీఖు

"మీరు లెక్కెట్టకపోతే ఆ పిట్టలు రావేటి?"

జోగమ్మ ఈ మాట అడిగింది 1991 అక్టోబరులో, భిలాయి సెక్టర్ 6 క్వార్టరు వంటింట్లో. ప్రకృతి మీద ప్రేమ, భావితరాల కోసం లాంటి మాటలు ఆమె భర్త త్రినాథరావుకు నోరు తిరగవు. తిరిగినా పెళ్ళాం ముందు అనడానికి సిగ్గు. "ఎవలో ఒకలు రాయాల కదే" అనేసి, టీ తాగి సైకిలెక్కాడు.

ఆయన ఉక్కు కర్మాగారానికి నీళ్ళు తోడే పంప్‌హౌస్‌లో ఆపరేటరు. సోంపేట నుంచి వచ్చి అప్పటికి ఇరవై ఏళ్ళు. చెరువు గట్టు మీద వాడకం పోయిన పాత పంపు గది ఒకటి ఉండేది. చలికాలం ఉత్తరాన్నుంచి దిగే బాతుల రాకపోకలు నమోదు చెయ్యడానికి భోపాల్‌లోని ఒక పక్షుల సంఘం ఆ గదిని కేంద్రంగా ఎంచుకుంది. గొప్ప కారణమేమీ లేదు. పైకప్పు కారదు, కిటికీ నీళ్ళ వైపుంది, పక్కనే రోజూ పుస్తకం రాసే మనిషి ఉన్నాడు. ఒక బైనాక్యులర్, ఒక కట్ట ఫారాలు, పేరు రాసిన రేకు బోర్డు, చలికాలం ఆర్నెల్లూ నెలకింత భత్యం ఇస్తామన్న ఉత్తరం వచ్చాయి. కేంద్రం అంటే అంతే.

మొదటి ఏడాది త్రినాథరావుకు ఏ బాతు ఏదో తెలియక ఫారాల నిండా "బాతు, పెద్దది", "బాతు, చిన్నది" అని ఉండేది. మూడో ఏడాదికి సూదితోక బాతుల గుంపు లేస్తే చాలు, పదులుగా విడగొట్టి, అది వాలేలోపల అంకె చెప్పేవాడు. ఉదయం ఆరుంబావు నుంచి ఏడున్నర దాకా లెక్క. రాత్రి డ్యూటీ అయితే ఆరింటికి దిగి నేరుగా గట్టుకే. పొద్దుటి డ్యూటీ పడితే తోటివాళ్ళతో నోటిమాట మీద మార్చుకునేవాడు. ఎవరూ ఒప్పుకోనినాడు జోగమ్మ వెళ్ళేది. వచ్చి చీటీ చేతిలో పెట్టేది.

"రెండొందల నలభై. అందల ఒకటి కుంటిది."

"కుంటిదని రాయడానికి ఫారంలో గడి లేదే."

"అయితే గడి గియ్యండి. దాని కాలిరిగితే నా తప్పేటి?"

ప్రతి ఆదివారం చీటీలన్నీ ముందేసుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రిజిస్టరులోకి ఎక్కించి, చీటీలు పొయ్యిలో పడేసేవాడు. ఏడు చలికాలాలు, ఏడు రిజిస్టర్లు, ఒక్క కొట్టివేత లేదు.

1998 ఫిబ్రవరిలో, సామాన్లు పెట్టుకోవడానికి ఆ గది కావాలని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పనికొచ్చే కేంద్రమేనని సంఘం రాసిస్తే వదిలేస్తామన్నారు. అది తేల్చడానికి భోపాల్ నుంచి కనకలత వచ్చింది. హైదరాబాదులో చదువుకున్న పరిశోధకురాలు. శనివారం తెల్లవారుతూనే త్రినాథరావుతో గట్టు మీద కూర్చుంది. సోమవారం వాళ్ళింట్లో రిజిస్టరు తెరిచి ఒక వరుస మీద వేలు పెట్టింది.

"శనివారం ఆరున్నరకి నూట ఎనభై లేచాయి. నేనూ చూశాను. మీరు వాటిని శుక్రవారం కింద రాశారేంటండీ?"

"అప్పటికింకా ఏడు కాలేదు కదమ్మా."

"ఏడు కాకపోతే?"

"ఏడింటికే కదా తారీఖు మారుతాది."

పంప్‌హౌస్‌లో అంతే. ఉదయం ఏడింటికి నీటిమట్టం చూసి ముందురోజు లెక్క మూస్తారు. ఆలోపు జరిగిందంతా నిన్నటిది. ఇరవై ఏడేళ్ళుగా ఆయన చెయ్యి అలాగే రాస్తోంది. ఒక్క ఉదయాన్ని రెండు తారీఖులకు పంచేస్తున్నానన్న అనుమానం ఆ చేతికి ఎన్నడూ రాలేదు.

"పోనీండి, ఏడు లోపువన్నీ మర్నాటి తారీఖుకు జరిపేద్దాం" అంది కనకలత. త్రినాథరావుకు ప్రాణం లేచొచ్చింది.

టీ గ్లాసులు తెచ్చిన జోగమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "నాను రాసినయి జరపకండమ్మా. నాను లెగిసిన ఎంటనే కేలండరు కాగితం సింపుతాను. ఆ తారీఖే ఏస్తాను."

ఏ రోజు ఎవరిది? రిజిస్టరంతా ఒకటే దస్తూరి. చీటీలు ఎప్పుడో బూడిదయ్యాయి.

"మీ డ్యూటీ చార్టులు ఉంటాయి కదా? మీరు డ్యూటీలో ఉన్న ఉదయాలన్నీ ఆవిడవని తేలిపోదూ?" అని కనకలత అడిగింది. ఆ మధ్యాహ్నమే త్రినాథరావు టైమ్ ఆఫీసుకు పరిగెత్తాడు. అక్కడి గుమస్తా సత్యప్రసాద్, భిలాయిలోనే పుట్టినవాడు, ఫైళ్ళన్నీ దించి బల్ల మీద పెట్టాడు.

"ఏడేళ్ళవీ ఉన్నాయి భయ్యా, లే జావో, పట్టుకెళ్ళు. కానీ నీ డ్యూటీ నువ్వెప్పుడు చేశావు? ఆజ్ ఇస్కే సాథ్, కల్ ఉస్కే సాథ్ అని రోజుకొకడితో మార్చుకుంటివి. చార్టులో నీకు డ్యూటీ ఉంటే నిజానికి గట్టు మీదున్నావని, డ్యూటీ లేకపోతే లోపలున్నావని. అదీ పక్కా కాదు!" అని పకపకా నవ్వాడు.

త్రినాథరావు పది రోజులు సెలవు పెట్టి రిజిస్టర్ల ముందు కూర్చున్నాడు. ఏ జ్వరం ఏ ఏడాది వచ్చిందో, ఏ పండగకు ఎవడు డ్యూటీ మార్చుకున్నాడో గుర్తు తెచ్చుకుంటూ పెన్సిలుతో గుర్తులు పెట్టడం, మళ్ళీ చెరపడం.

"నావన్నీ కొట్టీసీండి. పోతే పోనాయి" అంది జోగమ్మ.

"ఏవి నీయో తెలిస్తే కదే కొట్టీడానికి!"

చిత్తశుద్ధితో చేసిన పని వృథా పోదని సన్మాన సభల్లో చెబుతుంటారు. పోతుంది. ఇది పోయింది. ఆయన అంత శుభ్రంగా రాసి ఉండకపోతే, కనీసం చీటీలు ఒక సంచిలో కుక్కి పడేసి ఉంటే, నిలబడేదేమో.

మార్చి ఆఖరున సంఘం ఉత్తరం వచ్చింది. నమోదులు వాడుకోవడానికి వీలుకానివి, కేంద్రం ఎత్తేస్తున్నాం. ఏప్రిల్‌లో త్రినాథరావు తాళంచెవి అప్పగించాడు. గదిలో సిమెంటు బస్తాలు వేశారు. ఆపైన ఆయన చార్టులో పడిన డ్యూటీయే చేశాడు, ఎవరితోనూ మార్చుకోలేదు.

నమోదులు ఆమోదం పొందాకే భత్యం ఇస్తారట. అది ఉత్తరంలో చివరి పేరా. ఆఖరి రెండు చలికాలాలకు, నెలకు నూటయాభై చొప్పున పన్నెండు నెలలకు, పద్దెనిమిది వందల రూపాయలు సంఘం ఆయనకింకా ఇవ్వాలి.