జేజి కొంగున పోయిన బీగంచెవి

మద్రాసులో టీచరు ట్రైనింగుకు పిలుపొచ్చినప్పుడు నాకు పదిహేడేండ్లు. మరుసటి రోజు పొద్దున పదికల్లా ఆ పిలుపు కాగితం చూపించకుంటే సీటు ఇంకొకరికి పోతాది. మా ఊర్నుంచి ఎద్దులబండిలో ఎర్రగుంట్ల స్టేషనుకు వచ్చినాము. నేను, నాకు తోడుగా నాయన, సాగనంపడానికి నాయన్ను కన్న మా జేజి.

స్టేషను బయట అంగట్లో ప్రయాణానికి కావాల్సినవి కొన్నాము. దారిలో నీళ్లకు మరచెంబు, సబ్బు, దువ్వెన. మద్రాసంతా దొంగలేనని ఎవరు చెప్పినారో ఏమో, నాయన నా రేకుపెట్టెకు బీగం కూడా అడిగినాడు. "సుత్తితో కొట్టినా రాదప్పా ఇది!" అని అంగడాయన ఒట్టు పెట్టినాడు. దానికి ఒకటే బీగంచెవి, రెండోది యాడో పడిపోయిందంట. నాయన టిక్కెట్లూ కాగితమూ భద్రంగా పెట్టె అడుగున పెట్టినాడు. జేజి బీగమేసింది. ఎద్దులకు ఎండ తగులుతాందని చెప్పి, రైలు రాకముందే బండెక్కి పోయింది. ఎండా లేదు, ఏమీ లేదు. నా ముందర ఏడవకూడదని పోయింది.

సిగ్నలు చెయ్యి వాలింది. "టిక్కెట్లు తియ్యిమ్మా," అన్నాడు నాయన.

"చెవి నీ దగ్గరే కదా?"

"నా దగ్గర యాడుండాది?"

అప్పుడు తట్టింది నాకు. మా ఇంట్లో ఏ బీగమేసినా దాని చెవి జేజి కొంగుకే పోతాది. ఆమె చెయ్యి దానంతట అదే ముడేసేస్తాది.

"ముసిల్దానికి బుద్ధుండాదా!" అని తిట్టుకుంటా నాయన రోడ్డుకు పరిగెత్తినాడు. నేను రాయి తీసుకొని బీగాన్ని బాదినా. అంగడాయన జన్మలో ఒక్క నిజం చెప్పింటే అది ఆ బీగం గురించే. రైలు వచ్చి నిలబడింది. ఇంజను నీళ్లు పట్టుకుంటాంది. ఇంగ నా చదువు ఇంతే, రేపట్నుంచి పేడ ఎత్తడమే అని సిగ్గిడిచి ఏడ్చినా.

"ఓ పిల్లా!"

గేటు కాడ జేజి. కొప్పు ఊడిపోయింది, పరిగెత్తి ఎగపోస్తాంది. వెనక నాయన. "వక్కాకు తీద్దామని కొంగు ముడి విప్పితే ఇది కనబడె! నా చేతులు ఇరగ!"

అమ్మయ్య! టిక్కెట్లు చేతికొచ్చినాయి, కాగితం జాకెట్లో దోపుకున్నా. అంత సంతోషం నాకు ఉద్యోగమొచ్చిన రోజు కూడా లేదు. జేజి పెట్టె మూసి, బీగమేసి, చెవిని మళ్లా తన కొంగుకే ముడేస్తాంది!

"జేజీ!" నేనూ నాయనా ఒక్కసారే అరిచినాము.

ఆమె తన చేతిని తానే చూసుకొని పడీపడీ నవ్వింది. తర్వాత ముడి విప్పి, నా ఓణీ చెంగు లాక్కొని, రెండు ముళ్లేసి బిగించింది.

"నీ పెట్టెకు ఇంగ నువ్వే పెద్దదానివి," అనింది.

ఆ ఇంట్లో ఇరవై ఏండ్లు కాపురం చేసినా మా అమ్మకు ఆమె ఒక్క చెవి కూడా ఇచ్చి ఎరగదు.