ఎసరుకు ఒక్క రింగు

నాగులమ్మ మాపటేళ ఫోనెత్తగా నేనెప్పుడూ సూడలేదు. పులికాట్ ఒడ్డున ఆ ఊళ్ళో ఎవురూ ఎత్తరు. పడవ ఇంటిదోవ పట్టినాక మొగోడు ఒక్క రింగిచ్చి కట్ చేస్తాడు, ఈడ ఆడోళ్ళు ఎసరు పెడతారు. ఎత్తితే అపశకునమంట.

నా పేరు దయానంద్. ఆ పక్క సెల్ టవర్లు సూసుకుంటా. సూసుకునేది పేరుకే. ఏ టవరు మేలుకోవాల, ఏది పడుకోవాల అనేది యాడనో కంప్యూటర్లో ఉండే ప్రోగ్రామే తేలుస్తాది. దానికి ఎత్తి మాట్లాడిన ఫోన్లే లెక్క. ఈ ఊళ్ళో మాపటేళ మాట్లాడేవాళ్ళు లేరని, కరెంటు దండగని నడుమ నడుమ టవరును పడుకోబెట్టేది. రింగులు దానికి లెక్కే కాదు, దాని మొగం మండ!

పోయినేడు అట్లా టవరు పడుకోనుండగా గాలి లేసింది. నాగులమ్మ మొగుడు సుబ్బన్న పడవ తిరగబడింది. టవరు లేనప్పుడు రింగు రాదులే అనుకోని ఎవురూ ఎతకను పోలేదు. తెల్లారి శవమై దొరికినాడు. ఫోను దొరకలేదు.

ఇప్పుడు ఆ పడవలోనే కొడుకు గోవిందు పోతాండాడు.

సుబ్బన్న పెద్దదినం అయిపోయినాక మొదలైంది. పడుకున్న టవరు మాపటేళ దానంతటదే లేస్తాండాది. ఆఫీసోళ్ళను అడిగితే, "మేం లేపలేదు. నీళ్ళ మధ్య నుంచి ఏదో ఫోను లేపినట్టు సూపిస్తాండాది" అని నెంబరు చదివినారు. ఊళ్ళోవాళ్ళు ఆ నెంబరు నాగులమ్మింటిదంటే పోయి అడిగినా.

"మా ఆయందే," అనింది చేపలు తోముతా. "ముందు ఆయన రింగు వస్తాది. ఆనక గోవిందుది."

"అక్కా, ఆ సిమ్ము ఎప్పుడో ఆపేసినారే!"

"ఆ సంగతి ఆయనకెవురు చెప్తారప్పా?"

చాటలో బియ్యం సూసినా. ముగ్గురికి సరిపోయేంత ఉండాయి.

టవరు ఊరికే లేసేది తప్పంట, లేవకుండా కట్టేస్తామన్నారు ఆఫీసోళ్ళు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గోవిందు రింగు రాకుండా పోతే, వాడూ తండ్రి దోవనే పోతే ఆ పాపం ఎవురిది? గొంతు పోయేదాకా అరిసినా. ఆఖరికి దిగొచ్చి, ఈ టవరును మాపటేళ అసలు పడుకోబెట్టొద్దని ప్రోగ్రాములో రాసినారు.

ఎగురుకుంటా పోయి చెప్పినా. "అక్కా, ఇంక భయం లేదు. టవరు మేలుకోనే ఉంటాది. దాన్ని ఎవురూ లేపే పన్లేదు."

ఆయమ్మ మొగం పాలిపోయింది. "ఎవురూ లేపే పన్లేదా?" అనింది.

పొద్దు గుంకేటప్పుడు ఇద్దరం పొయ్యి కాడ కూసున్నాం. ఫోను మోగి ఆగిపోయింది. మొదటి రింగే గోవిందుది. ఇంకోదాని కోసం పడవ ఒడ్డుకొచ్చేదాకా కాసుకున్నాం. రాలేదు.

నాగులమ్మ లేసి, చాటలో నుంచి ఒక మనిషికయ్యే బియ్యం తీసి మళ్ళా డబ్బాలో పోసింది.

"బిడ్డకు మంచే చేసినావులేప్పా," అని, ఎసరు పెట్టింది.