చిన్నాయనకు నేనివ్వని మాఫీ

మా నాయన పోయి నెల తిరక్కముందే ఆయన నాటిన చింతచెట్లను మా చిన్నాయన కొట్టించేశాడు. తొంభైల మొదటి మాట ఇది. అప్పటికి నాకు పెళ్లయి హిందూపురంలో ఉంటున్నాను. నలభయ్యో రోజు ఫాతెహా చదివించాలని పెనుకొండకు వచ్చి, అమ్మను వెంటబెట్టుకుని చేనికి పోతే గెనిమ గట్టు ఉన్నచోట మొద్దులు మాత్రం మిగిలి ఉన్నాయి.

మేము ఇంట్లో తెలుగే మాట్లాడుకునే సాయిబులం. నమాజులో తప్ప మా నోట అరబ్బీ ముక్క పలకదు. నాయనకు చదువు లేదు కానీ, పక్క ఊరి మతగురువు హజ్రత్ దగ్గర విన్న మాటలు మనసులో పెట్టుకుని వాటి ప్రకారమే చేను చూసుకునేవాడు. "భూమి మనది గాదు బిడ్డా, దేవునిది. సూసుకోమని మన చేతికిచ్చినాడు, అంతే" అనేవాడు. గొర్రెలు కాసేవాళ్లు మధ్యాహ్నం మా చింతల నీడకే మందను తోలుకొచ్చేవాళ్లు. పిల్లోళ్లు కాయలు రాల్చుకునేవాళ్లు. ఒక్కరినీ అదిలించింది లేదు. "నేను పోయినంక గూడా ఈ కాయ ఏ పిట్ట తిన్యా, ఆ పుణ్యం, ఆ సవాబు నాకే వస్తాది" అని నవ్వేవాడు.

ఆ సవాబునే చిన్నాయన గొడ్డలితో నరికించాడు.

అన్నదమ్ములిద్దరి చేన్లూ పక్కపక్కనే. మధ్యనున్న గెనిమను మొద్దులు తప్పించి ట్రాక్టరుతో దున్నించి రెండూ ఒకటి చేసేశాడు. నాయనకు నేనొక్కదాన్నే సంతానం. నేను నేరుగా చిన్నాయన ఇంటికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం చిన్నాయనా, చెట్లు యాడికి పోయినాయి?"

"నీడకి చెనిక్కాయ బలిసేది ల్యా. కొట్టిస్తి."

"అవి మా నాయన చెట్లు."

"మీ నాయన యాడుండాడిప్పుడు?" అన్నాడు. అని, లోపలికి కేకేసి నాకు కాఫీ తెమ్మన్నాడు. "మొగపిల్లోడు లేని ఇంటికి చేనెందుకమ్మా? నువ్వు ఒకరింటికి పోయిన దానివి. మీ అమ్మకి కూడు నేను పెడతాలే."

ఆ కాఫీ నేను తాగలేదు. మా నాయన ఎక్కడున్నాడని అడిగిన నోటితోనే ఒకరోజు ఆయన జవాబు చెప్పుకునేట్టు చేస్తానని, బస్సులో హిందూపురం పోయేదాకా మనసులో అనుకుంటూనే ఉన్నాను.

మసీదు జమాత్ పెద్దలను అడిగితే, ఆడవాళ్లు చేన్లో ఏం చేస్తారమ్మా అని పంపించేశారు. అమ్మ వద్దన్నా వినకుండా, నాయన ఎప్పుడూ చెప్పే ఆ హజ్రత్ దగ్గరికి పోయాను. ముసలాయన. చూపు ఆనదు. అంతా విని తీర్పు తేటగా చెప్పాడు. నాయన ఆస్తిలో సగం నాది, ఎనిమిదింట ఒక వంతు అమ్మది, మిగిలింది చిన్నాయనది.

"ఆయనకెందుకు హజ్రత్? ఆయనకి జానెడు గూడా పోగూడదు" అన్నాను.

"ఆయన భాగం నువ్వు మింగితే నువ్వూ ఆయనే అయితావు బిడ్డా" అన్నాడు. 

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆ తీర్పనే కత్తి ఒక్కటే నా చేతికి దొరికింది. దానికి రెండు పక్కలా పదునుందని తెలిసే పట్టుకున్నాను.

తర్వాతి శుక్రవారం అమ్మా నేనూ బురఖాలు వేసుకుని పెనుకొండలో మసీదు గేటు బయట నిలబడ్డాం. నమాజు అయి మగవాళ్లంతా బయటికి వస్తుండగా చిన్నాయన ముందుకు పోయి నిలబడి గట్టిగా అడిగాను. "జానెడు నేల అన్యాయంగా తీసుకున్నోని మెడకి ఏడు భూములు చుట్టుకుంటాయని లోపల చెప్తారంట గదా. మా నాయన చేను నీ మెడకి బరువు గాలేదా చిన్నాయనా?"

ఆయన మొహం నల్లబడింది. "ఇంటికి పా, ఈడ గాదు" అన్నాడు. నేను కదల్లేదు. హజ్రత్‌ను నా భర్త జీపులో తీసుకొచ్చి ఉన్నాడు. ఆయన గేటు దగ్గరే నిలబడి భాగాలు చెప్పాడు. చెప్పులేసుకుంటున్న వాళ్లంతా ఆగిపోయి విన్నారు. అంతమంది ముందర కాదనలేక చిన్నాయన తల ఊపాడు. ఆ తల వంగడం నేను కళ్లారా చూశాను. ఇప్పటికీ తలచుకుంటే కడుపు చల్లగా ఉంటుంది.

సర్వేయరు వచ్చి గొలుసు లాగాడు. హద్దురాళ్లు పడ్డాయి. నేనూ నా భర్తా హిందూపురం వదిలి అమ్మ దగ్గరికే వచ్చేశాం. కొన్నేళ్లకు వానలు ముఖం చాటేశాయి. బావులు ఎండిపోయాయి. మేము బోరు వేయిస్తే నీళ్లు పడ్డాయి. చిన్నాయన వేయించిన రెండు బోర్లలోనూ దుమ్మే లేచింది. అప్పటికి ఆయన మల్బరీ పెట్టి, షెడ్డులో పట్టుపురుగులు మేపుతున్నాడు.

ఒకరోజు పొద్దున హద్దురాయి అవతల నిలబడి పిలిచాడు. "ఏమ్మా, ఒక పైపు ఇడిస్తే ఆకు బతుకుతాది. పురుగు నాలుగో జ్వరంలో ఉండాది, పొర ఇడిసి లేస్తానే ఆకు కావల్ల."

"సూస్తాలే" అన్నాను. 

అమ్మ రాత్రి అన్నం దగ్గర కూర్చుని, "నీళ్లకాడ పగ వద్దే" అంది. నాకు ధర్మం తప్పాలని లేదు. పగ వదలాలనీ లేదు. మళ్లీ హజ్రత్ దగ్గరికే పోయాను. దాహంతో వచ్చిన మనిషికీ పశువుకూ నీళ్లు కాదనడానికి నీకు హక్కు లేదన్నాడు. మరి పైరుకో అన్నాను. ఇస్తే మంచిదన్నాడు. ఇయ్యకపోతే అన్నాను. "దేవుడు అడిగితే నువ్వే చెప్పుకోవల్ల" అన్నాడు.

చెప్పుకుంటాను అనుకున్నాను. హద్దు మీద సిమెంటు తొట్టి కట్టించి రోజూ తెల్లవారగానే నిండా నింపేదాన్ని. చిన్నాయన మేకలు, ఆవు, గొర్రెల మందలు, ఎవరొచ్చినా తాగి పోవచ్చు. ఆయన కూడా దోసిలి పట్టి తాగేవాడు. మల్బరీకి మాత్రం చుక్క ఇవ్వలేదు. ఆకు ముడుచుకుని, పసుపు తిరిగి రాలిపోయింది. ఆకు లేక పురుగులు చస్తే ఆయన భార్య గంపలకెత్తి హద్దురాళ్ల పక్కన పారబోసింది. ఆ వాసన మా ఇంటి దాకా వచ్చింది. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నేను వాకిట్లోనే నిలబడ్డాను.

ఆ ఏడే ఆయన చేను బీడు పెట్టి ధర్మవరంలో మగ్గాలు నేసే కొడుకుల దగ్గరికి పోయాడు. దున్నుకో, లేదంటే దున్నేవాళ్లకన్నా ఇయ్యి, భూమిని ఊరికే పండబెట్టొద్దు అని కబురు పెట్టాను. ముండ్లు మొలిచినా సరే దాని మాట విని ఎవరికీ ఇయ్యను అన్నాడంట. నిజంగానే సర్కారు తుమ్మ మొలిచింది.

రెండువేల సంవత్సరం దాటాక ధర్మవరం నుంచి ఫోనొచ్చింది. చిన్నాయనకు పక్షవాతం, నిన్ను చూడాలంటున్నాడు, మాఫ్ చెయ్యమంటున్నాడు అని. పోయాను. కొడుకులు, కోడళ్లు, భర్త పోయి పుట్టింటికి చేరిన కూతురు, అందరూ మంచం చుట్టూ ఉన్నారు. ఆయన మాట ముద్దగా వచ్చింది. "మాఫ్ జెయ్యమ్మా. బరువుగా ఉండాది."

"నీ కూతురి భాగం ముందు చెప్పు. వీళ్లందరూ వినేట్టు చెప్పు" అన్నాను.

పెద్దకొడుకు లేచి, "ఇప్పుడా మాటలెందుకు? పెండ్లి చేసి పంపినాం గదా" అన్నాడు. నేను చిన్నాయన కళ్లలోకే చూస్తూ కూర్చున్నాను. తన మాటనే కొడుకు నోట విన్నాడు. పడిపోని చెయ్యెత్తి కూతురిని చూపించి, "కొడుకు భాగంలో సగం... ఆ పిల్లది" అన్నాడు. మళ్లీ చెప్పించాను. చెప్పాడు.

అప్పుడు చెప్పాను. "నా చేను నాకొచ్చింది, దాని సంగతి ఇడిసిపెట్టినా. చెట్లు నావి గావు. మా నాయనవి. పోతే కనపడతాడు, ఆయన్నే అడుక్కో."

కోడళ్లు నన్ను తిట్టారు. ఆయన కళ్లలోంచి నీళ్లు కారాయి. తుడవాలని నా చేతికి అనిపించలేదు. ఆ వారంలోనే పోయాడు. జనాజా ఎత్తే ముందర, బాకీలుంటే మాఫ్ చెయ్యండని అడిగినప్పుడు ఆడవాళ్లందరూ చేశామన్నారు. నేను నోరు మెదపలేదు.

కొడుకులు ఆయన మాట తప్పాలని చూశారు. నేను వదల్లేదు. సాక్షిని నేనే గదా. పెనుకొండ మసీదు గేటు దగ్గరికి ఆ పిల్లను కూడా తీసుకుపోయాను. దయతో చేశానని నన్నెవరైనా అంటే ఒప్పుకోను. మొగపిల్లోడు లేని ఇంటికి చేనెందుకన్న మనిషి చేన్లో ఆడపిల్ల పేరుతో రాయి పడాలని నా కోరిక. పడింది. మా చేను పక్క ముక్కే ఆమెకొచ్చింది. తుమ్మ కొట్టించి చెనిక్కాయ వేసుకుంది. అడక్కుండానే ఆ సాయంత్రమే పైపు ఇచ్చాను. అమ్మ ఆ పిల్లకూ మాకూ కలిపి సంగటి కెలికింది.

మొన్నామధ్య హిందూపురం బస్టాండులో ఆ పెద్దకొడుకు ఎదురుపడ్డాడు. తప్పించుకోబోయి, మనసు మార్చుకుని దగ్గరికొచ్చాడు. "మా నాయన పోయె, చేన్లో భాగం పాయె. నీ పగ ఇంగా తీరల్యాదా అక్కా?" అన్నాడు.

తీరలేదని చెప్పి పెనుకొండ బస్సెక్కాను.