ఇద్దరి ఒళ్లో ఒకే చాట

తడిపిన తునికాకు వాసన తగిలితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. చిన్నప్పుడు నేనూ నా దోస్తు గంగామణీ ఒకే చాటను ఇద్దరి ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. ఒకరోజు తను రాలేదు. అమ్మ ఆ చాటను పొయ్యిలో పెట్టింది.

"గంగామణి ఏదే అవ్వా?" అని అమ్మను అడిగాను.

"మేనత్తింటికి పోయింది. నీ దోస్తానా వద్దన్నది."

నమ్మాను. ఆ తర్వాత ఏ స్నేహితురాలు దగ్గరైనా, ఎప్పుడు వద్దంటుందోనని అనుమానంగానే చూశాను.

పెద్దయ్యాక అసలు సంగతి బయటపడింది. ఒంటి మీద మచ్చలు వచ్చాయని ఆమెను డిచ్‌పల్లి కుష్ఠు దవాఖానాలో చేర్చారట.

"నాకంటుకుంటదని భయపడితే భయపడ్డవ్. వద్దన్నదని అబద్ధమెందుకు చెప్పినవే?" అని అమ్మను నిలదీశాను.

"లేకుంటే దాని ఎంబడి పోతుంటివి. నయమై నీకోసం వచ్చినప్పుడు, దానికి గూడ నువ్వు వద్దన్నవనే చెప్పిన."

గంగామణి కూడా నమ్మే ఉంటుంది.