పగడాల తొట్టికి సోడా కొట్టినాను

అయ్యా, అమ్మా, నేను రాసేది ఇదే మొదటిసారి. ఐదో తరగతితో బడి మానేసినోణ్ణి. ఒత్తు యాడ పడాలో తెలీదు, దీర్ఘాలు నా ఇష్టమొచ్చినట్ల పోతాయి. తప్పులుంటే నగండి. ఎట్లాగూ నగేదానికే రాస్తా ఉండా. నీళ్లల్లో ఉండే చేపల్ని నీళ్లల్లోనే ముంచబోయినోణ్ణి నేను. అదెట్లనో చెప్తా, వినండి.

చిత్తూరులో నాది గోలీసోడా అంగడి. మా నాయన కాలం నుంచీ గ్యాసుతోనే బతుకు. సిలిండరు తిప్పడంలో నన్ను మించినోడు పూతలపట్టు నుంచి పాకాల దాంకా లేడని అప్పట్లో నా నమ్మకం. ఎవురూ అనలేదు, నేనే అనుకున్యాను.

మా వీధిలో ఒక పళ్ల డాక్టరు సారుండాడు. ఆస్పత్రిలో జనాలు కూర్చునే చోట పెద్ద గాజుతొట్టి పెట్టినాడు. దాంట్లో ఉప్పునీళ్లు, నారింజ రంగు చేపలు, బతికుండే పగడాలు. ఉంగరంలో పెట్టుకునే పగడం నాకు తెలుసు గానీ, అది పెరుగుతాదని, పువ్వు మాదిరి విచ్చుకుంటాదని ఆడ సూసినాకే తెలిసింది. ఊదారంగు పగడం ఒకదాన్ని బొటనవేలంత తెచ్చి అరచెయ్యంత చేసినాడు సారు. వాళ్లమ్మ దానికి దిష్టి గూడా తీస్తాది.

ఒక పొద్దున సారు నన్ను పిలిపించినాడు.

"మునిరత్నం, నీకు గ్యాసు పని తెలుసు గదా. ఇది కాల్షియం రియాక్టరు. కొంచిం బిగించి పెట్టు."

సూస్తే పొడుగాటి గొట్టం, దాని నిండా తెల్లరాళ్లు.

"ఇదేం చేస్తాది సార్?"

"పగడాలు పెరగాలంటే సున్నం కావాలబ్బా. ఈ గొట్టంలోకి మీ సోడా గ్యాసే చిన్నగా వదిలితే రాళ్లు కరిగి, ఆ సున్నం నీళ్లు సుక్క సుక్కగా తొట్టిలో పడతాయి. బుడగలు మెల్లింగా పోవాల. తొందరపడొద్దు."

"గ్యాసు సంగతి నాకు చెప్తారా సార్!" అన్యాను. సారు పన్ను పీకేదానికి లోపలికి పోయినాడు.

బిగించినాను. తిప్పినాను. ఒక బుడగ వచ్చింది. శానాసేపటికి ఇంకోటి, ముసలాయన మెట్లెక్కినట్ల. నాకు సిగ్గేసింది. మా అంగట్లో ఇట్ల వదిలితే గోలీ గూడా కదలదు! సరే, పని ఎట్లుండాదో సూడాల గదా అని, గొట్టం కొసన సుక్క కింద వేలు పెట్టి నాకి సూసినాను. ఊరికే నాకలేదండీ. మా సోడావోళ్ల పరీక్షే అది. సరుకు ముక్కులో కొట్టాల. ఇది ఉప్పగా ఉండాదే గానీ ముక్కు జోలికే రాలేదు.

ఇంకొంచిం తిప్పినాను. నాకినాను. ఇంకొంచిం తిప్పినాను. మళ్లా నాకినాను. నాలిక ఎండుచేప అయిపోయింది. సుక్కలేంది, ధారే పడనీ అని తొట్టిలోకి నీళ్లు వదిలే మర గూడా పూర్తిగా తిప్పేసినాను. కడాకు బుడగలు తెగిన పూసలదండ మాదిరి పరిగెత్తినాయి, ముక్కులో సుర్రుమనింది. అద్దీ సరుకు!

కొంచింసేపటికి సారు వాళ్లమ్మ వచ్చింది. "ఏమబ్బా మునిరత్నం, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తా ఉండాయే?"

"ఖుషీగా ఉండాయి పెద్దమ్మా."

"మరి పగడం ముడుచుకోని పోయిందే?"

"కొత్త గదా, సిగ్గు."

దవడ వాచి, చెంపకు టవాలు కట్టుకోని ఒక రైతు కూర్చోనుండాడు. తెరవలేని నోరు తెరిచి, "సిగ్గు గాదప్పా, అది సస్తా ఉండాది" అన్యాడు.

పెద్దమ్మ పెట్టిన కేకకు సారు చేతిలో పటకారుతోనే బయటికొచ్చినాడు. గ్యాసు కట్టేసినాడు. ఊదా పగడం దిక్కు సూసినాడు. తిట్టలేదు. తిట్టింటే బాగుండు. మొగంలో నెత్తురు లేదు. "నీళ్లల్లో గ్యాసు బయటికి పోవాల, మునిరత్నం. నీళ్లకు గాలి తగలాల" అన్యాడు చిన్నగా.

ఇన్నేండ్లు గ్యాసు ఎక్కించినోణ్ణి, దించేది తెలీదా? సోడాను రెండు లోటాల్లో తిరగబోస్తే సచ్చిపోతాది. చెంబు తీసుకోని తొట్టిలో నీళ్లు ముంచి, టీ అంగడాయన మాదిరి పైనుంచి పోసేది మొదులుపెట్టినాను. పెద్దమ్మ ఒక చెంబు పట్టింది. రైతు ఒక మగ్గు పట్టినాడు. పన్నునొప్పోళ్లంతా లేచి కిటికీలు తెరిచినారు. లోపల సూదేయించుకున్నాయన గూడా వంకర మూతితో వచ్చి, "నాకూ ఒక గ్లాసియ్యండి" అన్యాడు.

మధ్యాన్నానికి చేపలు కిందికి దిగినాయి. పగడం మాత్రం ముడుచుకోనే ఉండాది. నేను అన్నానికి పోలేదు. చెంబు కింద పెట్టలేదు. సాయంత్రం దాని కొసన నువ్వుగింజంత పువ్వు ఒకటి విచ్చుకునింది. పక్కన ఇంకోటి. పెద్దమ్మ మెటికలు విరిచింది. సారు కుర్చీలో కూలబడి ఊపిరి వదిలినాడు.

"మన్నించండి సార్. సోడా మాదిరి గట్టిగా రావాలని..."

సారు నా దిక్కు సూసి, "మునిరత్నం, సోడా తాగి తేపులు తీసేది మనుషులబ్బా. నా చేపలకు అజీర్తి లేదు" అన్యాడు.

ఆ వారమే కాణిపాకం పోయినాను. తలమీద నీళ్లు పోసుకోని, వినాయకుని ముందర నిలబడి, "సోడాబుడ్డిలో తప్ప ఇంకే నీళ్లల్లోకీ గ్యాసు వదలను, ఒకరి తొట్టినీళ్లు నాకను" అని ప్రమాణం చేసినాను. పక్కనున్న పూజారి నన్ను కింద నుంచి పైదాంకా సూసినాడు.

ఇంతే సామీ. అక్షరాలు తప్పు పోయింటే, ఆ పగడం మన్నించినట్ల మీరూ మన్నించండి.